రాగికెక్కిన పాట, గొంతు దిగిన పాట

తిరుమల గుళ్లో ఆ రోజుకి ఆఖరి దర్శనం ముగిశాక, వెండి గొలుసుల పట్టెమంచం మీద పరుపు సర్దుతారు. భోగశ్రీనివాసమూర్తిని తెచ్చి పవళింపజేస్తారు. పాలు, పళ్లు, జీడిపప్పు, బాదంపప్పు నివేదిస్తారు. అప్పటిదాకా గోవిందనామాలతో హోరెత్తిన చోట తంబురా శ్రుతి ఒక్కటే వినపడుతుంది. తాళ్లపాక వంశస్థుడొకరు లాలి పాడతారు. తరిగొండ వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. ‘తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి’ అని జనం సామెతలా చెప్పుకునేది దీన్నే. ఆ తర్వాత తలుపులు మూస్తారు. మళ్లీ తెల్లవారుజామున సుప్రభాతం వేళ అదే వంశంవారి తంబురా స్వామిని మేలుకొలుపుతుంది.

ఏకాంతసేవలో ఆ లాలి వినే భాగ్యం కొద్దిమందిదే. విన్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ బయటికి వస్తారు. భక్తితో తుడుచుకుంటారు. ఆ ఒంటరి గొంతు వెనక జరిగిన కథ తెలిస్తే, ఆ కన్నీళ్లకు ఇంకో కారణం కూడా దొరుకుతుంది.

కొండ మీద తాళ్లపాక వారంటే ఒకప్పుడు పాటకు సంస్థానాధీశులు. తండ్రి పదాలు కట్టాడు, కొడుకు కట్టాడు, మనవడు కట్టాడు. ఇల్లాలు కావ్యం రాసింది. వేల పాటలు రాగిరేకుల మీద చెక్కించి, వాటిని దాచడానికి గుడిలోపలే ఒక రాతి అర సంపాదించుకున్నారు. అంతటి సంస్థానం కూలిపోయింది. కూలిన చప్పుడు కూడా ఎవరికీ వినపడలేదు. గుడి నిలబడే ఉంది, రేకులు గదిలోనే ఉన్నాయి, స్వామికి నిత్యం సేవలు సాగుతూనే ఉన్నాయి. పాడేవాళ్లు మాత్రం ఒక్కరొక్కరే తగ్గిపోయి, చివరికి పగటికి ఒక మేలుకొలుపూ రాత్రికి ఒక లాలీ మిగిలాయి.

*

రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమయ్య బాల్యాన్ని మనవడు చిన్నన్న ద్విపదలో చెప్పాడు. ఇంట్లోవాళ్లు పసులకు గడ్డి కోసుకురమ్మంటే అడవికి వెళ్లాడట. పాట ధ్యాసలో కొడవలి చిటికెన వేలికి తగిలిందట. నెత్తురు చూసి, ఈ ఇల్లూ ఈ చాకిరీ ఎవరికోసమని కొడవలి పారేసి, అటుగా పోతున్న యాత్రికుల గుంపులో కలిసి తిరుమల దారి పట్టాడట. గమనించండి, ఆయన కొండకు ఒంటరిగా పోలేదు. పాడుకుంటూ పోయే గుంపుతో పోయాడు.

మొదటి రాగిరేకు మీద లెక్క రాసిపెట్టి ఉంది. శక సంవత్సరం 1346, క్రోధి నామ సంవత్సరంలో, అంటే 1424లో, పదహారేళ్ల వయసున స్వామి సాక్షాత్కారం. అప్పటినుంచి దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశిదాకా, అంటే 1503 ఫిబ్రవరి 23దాకా, సంకీర్తన రచన. మొత్తం ముప్పై రెండు వేలని చిన్నన్న మాట. కవిగారు తాత మీద ప్రేమతో గొప్పలు పోయాడేమోనని మనకు అనిపిస్తుంది. కానీ రోజుకొకటి చొప్పున ఆ డెబ్బై తొమ్మిదేళ్లకు లెక్కకట్టి చూడండి, ఇరవై ఎనిమిది వేలు దాటుతుంది. ఏ పండగనాడో రెండు పాడి ఉంటే ముప్పై రెండు వేలు అతిశయోక్తి కాదు.

ఆ పాటకు రాజులు కూడా ఆశపడ్డారు. టంగుటూరులో ఉన్నప్పుడు సాళువ నరసింహుడు అన్నమయ్యను పిలిపించి, అమ్మవారి మీద పాడిన శృంగార పదం విని పరవశుడై, నామీద కూడా ఇలాంటిదొకటి చెప్పమన్నాడు. హరిని పొగిడిన నోటితో నరుణ్ణి పొగడనన్నాడు అన్నమయ్య. మూరురాయరగండ సంకెల వేయించి చెరలో పెట్టించాడు ప్రభువు. పాట పాడితే సంకెల ఊడిపడిందని చిన్నన్న కథ. సంకెల మాట ఎలా ఉన్నా, ఆ సాళువ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. తాళ్లపాక ఇల్లు మాత్రం నరుణ్ణి పొగడకుండానే బతికింది, ఎదిగింది.

నిజానికి అన్నమయ్య తర్వాతే ఆ ఇల్లు సంస్థానమైంది. భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది. కొడుకు పెదతిరుమలయ్య కృష్ణదేవరాయలు, అచ్యుతరాయలు, సదాశివరాయలు ముగ్గురి కాలమూ చూశాడు. నిత్య నైవేద్యాలకూ ఉత్సవాలకూ ఊళ్లకు ఊళ్లే గుడికి రాసిచ్చిన దాత ఆయన. తిరుమల గోడల మీది శాసనాల్లో తాళ్లపాక వారి దానాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. పెదతిరుమలయ్య కొడుకుల్లో చినతిరుమలయ్య పాటలు కట్టాడు, పాటకు లక్షణమూ రాశాడు. ద్విపదలో చిన్నన్నను మించినవాడు లేడని తెనాలి రామకృష్ణుడు అన్నట్టు ఒక చాటువు ఇప్పటికీ పండితుల నోట ఆడుతూనే ఉంది.

ఆనాటి దానం నడిచే తీరు కొంచెం చెప్పుకోవాలి. కూలిపోవడానికి కారణం అందులోనే ఉంది. దాత ఊరి రాబడినిగానీ, చెరువు తవ్వించి పెంచిన పంటనుగానీ గుడికి ఇస్తాడు. ఆ రాబడితో ఫలానా రోజు ఫలానా నైవేద్యం జరగాలని రాతి మీద రాయిస్తాడు. నివేదన అయ్యాక ప్రసాదంలో నాలుగో వంతు దాత వంతు. దాత ఆ వంతును తాను తినొచ్చు, తన మనుషులకు పంచొచ్చు. ఊరు పండితే నైవేద్యం, నైవేద్యం జరిగితే ప్రసాదం, ప్రసాదం ఉంటే దాన్ని నమ్ముకున్న నాలుగు కుటుంబాలు. గొలుసులో కొసన ఉన్నది మనిషి ఆకలి.

*

ఇక రాగి సంగతి. తాటాకు చెదల పాలవుతుంది, తడికి కుళ్లుతుంది, రెండు మూడు తరాలకోసారి కొత్తాకు మీదికి ఎక్కించుకోవాలి. తాతతండ్రుల పాటకు ఆ గతి పట్టకూడదని తాళ్లపాక వారు అనుకున్నారు. దానశాసనాలకు వాడే రాగిరేకును పాటకు వాడారు. తెలుగునాట మరే కవికీ దక్కని వైభవం అది. పాటకు మాన్యపు పట్టా పుట్టించినట్టే.

ఒక రేకును దగ్గరగా చూడండి. చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. రెండు వైపులా ఒత్తుగా చెక్కిన అక్షరాలు, ఎక్కువ రేకుల మీద వైపుకు మూడేసి చొప్పున ఆరు పాటలు. రేకుకు అంకె ఉంటుంది. ఇప్పటికీ పరిశోధకులు పాటను రేకు నెంబరుతోనే గుర్తుపడతారు. అధ్యాత్మం వేరు, శృంగారం వేరు. పాట మొదట రాగం పేరు. సామంతం, ముఖారి, శ్రీరాగం, పాడి, బౌళి, గుండక్రియ. ఆ తర్వాత పల్లవి, మూడు చరణాలు. అంతే.

స్వరం లేదు. చాలావాటికి తాళం పేరైనా లేదు.

ఇంత ఖర్చు పెట్టి, ఇంత జాగ్రత్తగా చెక్కించినవాళ్లు దాన్నెందుకు వదిలేశారు? నాకు తోచిన జవాబు ఒకటే, వాళ్లకు ఆ అవసరం కనపడలేదు. పాడేవాడు పక్కనే ఉన్నాడు. ‘రాగం: సామంతం’ అని రాస్తే చాలు, మిగతాది గోష్ఠిలో కూర్చున్న ప్రతివాడి గొంతులోనూ ఉంది. ఇది మనింట్లో వంట పద్ధతి రాసుకున్నట్టే. ‘ఉప్పు తగినంత’ అని రాస్తాం. తగినంత అంటే ఎంతో అమ్మకు తెలుసు కాబట్టి రాస్తాం. అమ్మ పోయిన తర్వాత ఆ కాగితం చూస్తే తెలుస్తుంది, అసలు సంగతి కాగితంలో లేదని.

రెండువేలకు పైగా రేకులు అలా తయారయ్యాయి. గుళ్లో విమాన ప్రదక్షిణ దారిలో, ఇప్పుడు హుండీ ఉన్నచోటికి ఎదురుగా, ఒక చిన్న రాతి అరలో వాటిని పెట్టారు. సంకీర్తన భాండారం అని పేరు. దాని గోడకు అటూ ఇటూ తంబురా పట్టిన రెండు శిల్పాలు, అన్నమయ్య ఒకరు, పెదతిరుమలయ్య ఒకరు. స్వామి నగలకు ఎంత భద్రమో తండ్రీకొడుకుల పాటకూ అంత భద్రం కల్పించారు. దొంగ భయం లేదు, చెద భయం లేదు, నిప్పు భయం లేదు. మరచిపోతారన్న భయం ఒక్కటే వాళ్లకు తట్టలేదు.

*

1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం నేలకూలింది. తిరుమల పాట ఆరోజే ఆగిందని చెబితే కథ చక్కగా కుదురుతుందిగానీ నిజం కాదు. అరవీటి రాజులు పెనుగొండకూ, చంద్రగిరికీ, వేలూరుకీ మారినా తిరుమలను వదల్లేదు. రెండో వేంకటపతిరాయలు నాణాల మీద కూడా వేంకటేశ్వరుణ్ణే వేయించాడు. నూనె అయిపోయాక కూడా వత్తి కాసేపు వెలిగినట్టు ఆ వైభవం మరో రెండు మూడు తరాలు సాగింది.

తర్వాత గోలకొండ వచ్చింది. ఆపైన ఆర్కాటు నవాబులు వచ్చారు. గుడి రాబడి యుద్ధఖర్చుల లెక్కల్లోకి ఎక్కింది. 1801లో ఈస్టిండియా కంపెనీ గుడి పాలనను నేరుగా చేతిలోకి తీసుకుంది. 1821లో బ్రూస్ కోడ్ పేరుతో ఎవరి విధి ఏమిటో నిబంధనలు రాయించింది. 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించి తప్పుకుంది. ఇన్ని చేతులు మారేసరికి, ఎప్పుడో ఏ రాయల కాలంలోనో ఇచ్చిన ఊళ్లు ఏ పరగణాలో కలిశాయో, ఎవరికి శిస్తు కట్టాయో. ఊరు పోతే నైవేద్యం పోతుంది. నైవేద్యం పోతే నాలుగో వంతు పోతుంది. అది పోయాక గొంతు సవరించుకుని కూర్చోవడానికి ఎందరికి తీరిక ఉంటుంది? ఫలానా ఏట గోష్ఠి ఆగిందని ఏ శాసనమూ లేదు. దానం ఇచ్చినరోజు రాతి మీద రాస్తారు, ఆగిపోయినరోజు ఎవరూ రాయరు.

అయితే రాజ్యం పోవడం ఒక్కటే కారణమంటే ఒప్పుకోలేను. అదే రాజ్యంలో, అదే కాలంలో పాడిన ఇంకొకాయన ఉన్నాడు. పురందరదాసు. ముసలితనంలో ఉన్న అన్నమయ్యను ఆయన కలుసుకున్నాడని చిన్నన్న రాశాడు. పురందరదాసు 1564లో కాలం చేశాడు, రక్కసి తంగడికి ఒక్క ఏడాది ముందు. ఆయన పాటకు రాగిరేకు లేదు, రాతి గది లేదు, మాన్యపు ఊరు లేదు. కాలికి గజ్జెలు, చేత తంబురా, చంకన జోలె. వెనక దాసకూటం. రాజధాని తగలబడినా ఆ పాటకు ఏమీ కాలేదు. ఎందుకంటే అది రాజధానిలో లేదు, వీధిలో ఉంది. ఒక దాసుడి నోటినుంచి ఇంకో దాసుడి నోటికి ఎక్కి, వీధి అరుగులు దాటింది. ఈనాడు సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా మొదట నోరు తిప్పేది పురందరదాసు కట్టిన పాఠాలతోనే. బాణీలు మధ్యలో మారాయి, నిజమే. ధార తెగలేదు. తిరువయ్యారులో త్యాగయ్య ప్రహ్లాద భక్తి విజయం రాసేనాటికి పురందరదాసు ఆయనకు తలచుకుని మొక్కవలసిన పెద్ద. తన భాషలోనే వేలకు వేలు పాడిన తాళ్లపాక పెద్దాయన మాత్రం అప్పటికి రాతి గదిలో ఉన్నాడు.

ఇంకా దగ్గరి ఉదాహరణ తిరుమల గుళ్లోనే ఉంది. ఆళ్వారుల ప్రబంధం కూడా ఒకసారి మరుగునపడిందనీ, నాథమునులు ఎక్కడో పది పాశురాలు విని, వెతికి నాలుగువేలూ సంపాదించారనీ వైష్ణవులు చెప్పుకుంటారు. దొరికాక ఆయన చేసిన పని చూడండి. ఇద్దరు మేనల్లుళ్లను కూర్చోబెట్టి పాడటం నేర్పారు. గుళ్లో అందరూ కలిసి చదివే గోష్ఠిని ఏర్పాటు చేశారు. రాజులు మారినా, కంపెనీ వచ్చినా, మహంతులు వచ్చినా ఆ గోష్ఠి ఆగలేదు. ఈనాటికీ ధనుర్మాసం వస్తే సుప్రభాతం బదులు తిరుప్పావై వినపడుతుంది. ఒకే గుడి, ఒకే స్వామి, ఒకే రాజుల ఉత్థానపతనాలు. గోష్ఠి చేతిలో పెట్టిన పాట నిలబడింది, ఇంటి చేతిలో పెట్టిన పాట పడిపోయింది.

తాళ్లపాక వారి తప్పు అనడానికి నోరు రాదు. పిత్రార్జితమైన పొలంలాగే పాటనూ కాపాడుకున్నారు. హద్దురాళ్లు వేసుకున్నారు, పట్టా దాచుకున్నారు. పొలం అలా కాపాడుకుంటే నిలుస్తుంది. పాట నిలవదు.

*

ఈ కథలో నన్ను అన్నిటికంటే కలచివేసే ఘట్టం 1816 నాటిది. మద్రాసులో అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ అనే కంపెనీ ఉద్యోగి తెలుగు వ్యాకరణం రాస్తున్నాడు. తిరుపతి కొండ మీది గుళ్లో వేల రాగిరేకుల మీద చెక్కిన పద్యాలను ఒక బ్రాహ్మణ కుటుంబం భద్రపరిచిందని విన్నాడు. ఆశపడి వాటి సంగతి ఆరా తీయించాడు. తీరా చూస్తే, నకలు తీయించుకున్న ఒక వ్యాకరణ గ్రంథం తప్ప, మిగతావన్నీ దేవుడి మీద కట్టిన పాటలే కుప్పలుగా ఉన్నాయి. ఆ ముక్కే తన పుస్తకం పీఠికలో రాసుకుని ముందుకు వెళ్లిపోయాడు.

దొర తప్పేమీ లేదు. ఆయనకు కావలసింది వ్యాకరణం. కానీ ఆ మాటలు చదువుతుంటే ఒక సంగతి మింగుడుపడదు. అన్ని వేల పాటలూ ఒక్క వాక్యంలో ముగిసిపోయాయి. వాటిని పాడే గోష్ఠి ఒక్కటి సజీవంగా ఉంటే, అంత తేలిగ్గా దాటిపోగలిగేవాడా? మూడువందల ఏళ్లలో పాట కాస్తా పీఠికలో ఒక వాక్యం అయింది.

జనం నోట మాత్రం కొన్ని చుక్కలు మిగిలాయి. పసివాళ్లకు గోరుముద్దలు తినిపిస్తూ చందమామను పిలిచే పాట, ఉయ్యాల ఊపుతూ అచ్యుతుణ్ణి జోకొట్టే పాట. తెలుగు తల్లులు అవి పాడుతూనే ఉన్నారు, ఎవరు కట్టారో తెలియకుండా. తమిళదేశపు భజన సంప్రదాయంలో, భజన మొదలుపెట్టే తోడయమంగళంలో అన్నమయ్య పాట ఒకటి రెండు నిలిచాయి. ఒకసారి ఆలోచించండి, ఆ నాలుగూ ఎలా బతికాయి? రాగి కాపాడినవి కావు. తల్లి ఒడీ భజన చాపా కాపాడినవి.

*

1922లో ఆ రాతి గది మళ్లీ లోకం కంట్లో పడింది. దేవస్థానం శాసనాలు పరిశీలించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి రేకుల విలువ గుర్తించారు. 1933లో దేవస్థానానికి కొత్త పాలకమండలి వచ్చాక, ఆ దశాబ్దంలోనే అచ్చు మొదలైంది. అన్నమయ్య చనిపోయి అప్పటికి నాలుగు వందల ముప్పై ఏళ్లు. తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ రేకుల మీద పడి పనిచేశారు. చిన్నన్న ద్విపద 1949లో ఆయన సంపాదకత్వంలో అచ్చయింది. మరుసటి ఏడే ఆయన పోయారు. తాతగారి కథ మనవడు రాసిన నాలుగు శతాబ్దాలకు తెలుగువాళ్లకు తమ తొలి పదకర్త ఎవరో తెలిసింది.

ముప్పై రెండు వేలలో దొరికినవి సగానికి తక్కువే. అయినా పన్నెండు వేల పైచిలుకు పాటలు ఒక్కసారిగా చేతికొచ్చాయి. ఏం లాభం, ఎవరికీ పాడటం రాదు. అబలి, అమరసిందు, కొండమలహరి అని రేకు మీద రాగం పేరు కనిపిస్తుంది. ఆ రాగం పాడి వినిపించేవాడు లేడు. పేరు ఇప్పటికీ ఉన్న రాగాలదీ అదే చిక్కు. అన్నమయ్యనాటి ముఖారి, మన ముఖారి ఒకటేనని ఎవరు పూచీ పడతారు? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ మౌనం ముందు కూర్చుని, మాటలోని ఊపును పట్టుకుని, కొత్తగా బాణీలు కట్టారు. బాలాంత్రపు రజనీకాంతరావు కట్టారు, నేదునూరి కృష్ణమూర్తి కట్టారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ కట్టారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడారు. 1997లో సినిమా వచ్చింది. ఈవేళ మనం అన్నమయ్య కీర్తన అని చెవులొగ్గి వింటున్నవాటిలో మాట ఆయనది, బాణీ దాదాపుగా అంతా ఇరవయ్యో శతాబ్దానిది. రుణపడి ఉన్నాం ఆ స్వరకర్తలకు. కానీ ఇది పోయిన మనిషి తిరిగిరావడం కాదు. మనవడి ముఖంలో తాత పోలిక వెతుక్కోవడం.

గోష్ఠులూ మళ్లీ మొదలయ్యాయి. ఏటా ఫాల్గుణ బహుళ ద్వాదశికి తిరుమల నారాయణగిరి తోటల్లో అన్నమయ్య వర్ధంతి జరుగుతుంది. సప్తగిరి సంకీర్తనలని ఏడు పాటలు ఏరి అందరూ కలిసి పాడతారు. అలిపిరి పాదాల మండపం దగ్గర భజన మండళ్లు చిడతలు పట్టి, మెట్టుమెట్టుకూ పాడుకుంటూ ఎక్కుతాయి. అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర 2008 మే 10న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షకు మించిన గొంతులతో ఆ ఏడు పాటలూ పాడించింది. అది అన్నమయ్య పుట్టి ఆరు వందల ఏళ్లు నిండిన ఏడాది. లక్ష గొంతులు ఒక్కటై లేచాయంటే సంతోషమే. కానీ పన్నెండు వేలలో లక్షమందికీ వచ్చినవి ఏడు. కచేరీల్లో, భజనల్లో, టీవీ పోటీల్లో అటుతిప్పీ ఇటుతిప్పీ వినపడేవి కొన్ని వందలు. మిగతావి అచ్చు సంపుటాల్లో ఉన్నాయి. రాగిలోంచి కాగితంలోకి మారాయి. అంటే గది మారిందన్నమాట.

*

ఇదంతా పెద్దవాళ్ల సంగతి, మనకెందుకు అనుకోకండి. మా పెదనాన్న మా ఊరి రామమందిరంలో నలభై ఏళ్లపాటు శనివారం భజన నడిపించాడు. రెండు హరికేన్ లాంతర్లు, ఒక హార్మోనియం, మద్దెల, ఆరు జతల చిడతలు. ముందు ఆయన అందుకుంటే వెనక పాతికమంది పలికేవారు. ఊళ్లో కరెంటు వచ్చింది, టీవీ వచ్చింది, పిల్లలు చదువులకు పోయారు. పాతిక పదైంది, పది నాలుగైంది. ఆయన పోయాక మందిరానికి మైకు కొన్నారు. ఇప్పుడు శనివారం పొద్దున్నే దానంతటదే పాడుతుంది.

ఆయన పాటల పుస్తకం నా దగ్గరుంది. కరణాల లెక్కల పుస్తకంలా పొడుగ్గా ఉండి, గోనెగుడ్డతో అట్ట కుట్టుకున్నది. నూట నలభై పాటలు, గుండ్రటి చేతిరాత. పాట మొదట ఎర్రసిరాతో ‘వరస’ అని రాసి, దాని పక్కన ఒక గుర్తు. ‘వరస: వీరభద్రం పాడేది’. ‘వరస: తిరునాళ్ల నాటిది’. ‘వరస: మామూలే’. ఆ వీరభద్రం ఎవరో, ఏ తిరునాళ్లో, మామూలంటే ఏమిటో, అప్పుడు ఆ చాప మీద కూర్చున్న పాతికమందికీ తెలుసు. మొన్న దుమ్ము దులిపి తెరిచినప్పుడు నాకు సంకీర్తన భాండారం గుర్తొచ్చింది. ఇదీ రాగిరేకే. ఇదీ అదే నమ్మకంతో రాసిందే.

ఈ వ్యాసం చదివేవాళ్లలో చాలామంది ఇళ్లలో, అటక మీదో దేవుడి గూట్లోనో, ఇలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. కీర్తనలు కావచ్చు, మంగళహారతులు కావచ్చు, క్రైస్తవుల ఇళ్లలో పురుషోత్తమ చౌదరి పాటలు కావచ్చు. దాన్ని భద్రంగా ఫొటో తీసి ఫోన్లో దాచుకుంటే కాపాడినట్టేనని అనుకోవద్దు. తాళ్లపాక వారికంటే భద్రంగా మనం దాచలేం. వరస తెలిసిన ముసలాయన ఊళ్లో ఇంకా ఉంటే, ఈ శనివారమే వెళ్లి ఆయన పక్కన కూర్చోండి. వెంట ఇంకో ఇద్దరిని తీసుకెళ్లండి. పాట ఒక్కరు నేర్చుకుంటే చాలదు.

పెదనాన్న పుస్తకంలోని నూట నలభైలో నాకు వరస తెలిసినవి పదకొండు.